గేటు బయట అరగంట

శేఖర్ పోయిన రోజు శుక్రవారం. సకల జనుల సమ్మె మొదలై అప్పటికి పద్దెనిమిది రోజులు. ఆ రోజు నగర బంద్ అన్నారు. రాయదుర్గంలోని ఆ ఏడంతస్తుల అద్దాల భవనంలో పనిచేసేవాళ్లందరినీ బస్సులు తెల్లవారకముందే తెచ్చి లోపల దించాయి. కిటికీలకు పరదాలు దించారు. రోడ్డు వైపు దీపాలు ఆర్పారు. ఇనుప రేకుల పెద్ద గేటుకు లోపలినుంచి తాళం వేశారు. బయటివాళ్లకు ఆఫీసు మూసి ఉన్నట్టు కనిపించాలి, లోపల పని మాత్రం ఆగకూడదు. బంద్ పిలుపు వచ్చిన ప్రతిసారీ ఆ భవనంలో ఇదే పద్ధతి.

ఆ గేటు లోపల ఆ రోజు ఒకే ఇంటివాళ్లు ముగ్గురున్నారు. ఎలక్ట్రీషియన్ శేఖర్ సెల్లార్‌లో ఉన్నాడు. అతని భార్య శ్రీలత నాలుగో అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు రాస్తోంది. శేఖర్ తండ్రి పోచయ్య సెక్యూరిటీ గార్డుగా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తొమ్మిది గంటలకు శేఖర్‌కు గుండెల్లో నొప్పి వచ్చింది. పదిన్నరకు అతను లేడు.

మధ్యలో ఏం జరిగిందన్నది అప్పటినుంచి రెండు రకాలుగా చెబుతున్నారు. ఉద్యమకారులు అంబులెన్సును అడ్డుకున్నారని భవనం వాళ్లు అంటున్నారు. ఆంధ్రా కంపెనీ గేటుకు తాళం వేసి మా మనిషిని చంపిందని బోరబండ జేఏసీ నాయకుడు లింగమూర్తి అంటున్నాడు. గేటు బాదుతూ కెమెరాకు దొరికిన ఆరుగురు యువకులు రిమాండులో ఉన్నారు. వాళ్ల మీద కేసు నిలబడుతుందా లేదా అన్నది శ్రీలత ఇచ్చే వాంగ్మూలం మీద ఉంది.

పదకొండో రోజు కర్మ అయిపోయింది. మరునాడు ఉదయం శ్రీలత రాయదుర్గం వచ్చింది. బస్సులు లేవు. బోరబండ నుంచి సగం దూరం ఆటోలో, సగం దూరం నడిచి వచ్చింది.

మేనేజరును కలిసే ముందు తన బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగింది. ఆ సంవత్సరం జూలైలో ఆఫ్రికాలో ఒక కొత్త దేశం పుట్టింది. అక్కడి పదో తరగతి పిల్లలకు పౌరశాస్త్ర పాఠాలు తయారుచేసే పని నాలుగో అంతస్తులోని సంస్థకు దొరికింది. సోషల్ టీచర్లు కావాలంటున్నారని శేఖరే ఇంటికి వచ్చి చెప్పాడు. బాచుపల్లిలో తాను చదువు చెప్పే ప్రైవేటు బడి మానేసి ఆమె ఆగస్టులో ఇక్కడ చేరింది. అధ్యక్షుడి అధికారాలు ఎంతవరకు, చట్టసభలు రెండెందుకు, న్యాయస్థానం ఎవరి మాట వినాలి, ఎవరి మాట విననక్కర్లేదు, ఇవన్నీ తాను ఎన్నడూ చూడని పిల్లలకు అర్థమయ్యేలా రాయడం ఆమె పని. వాళ్ల రాజ్యాంగం ఇంకా తాత్కాలికమే. వారానికోసారి ఏదో ఒక మాట మార్చి పంపేవారు.

ఆ శుక్రవారం తెల్లవారుజామున బస్సులో శేఖర్ అడిగాడు: “ఇంతకూ గా దేశం వాళ్లకు ఎట్లొచ్చింది?”

“ఓట్లేసిన్రు. కలిసుంటరా, విడిపోతరా అని అడిగితే, విడిపోతమని ఏసిన్రు.”

“అడిగిన్రా! అడిగితే మనం ఎయ్యకపోదుమా?”

“మన రాజ్యాంగంల అట్ల లేదు. మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం పార్లమెంటు చెయ్యాలె. జనాన్ని అడుగుమని అండ్ల లేదు.”

“మంచిగుంది టీచరమ్మా నీ రాజ్యాంగం. పెండ్లి మనది, అడిగేది పక్కింటోళ్లను.”

అని నవ్వి, ఎక్కడిదాకా వచ్చామో చూద్దామని పరదా పక్కకు జరపబోయాడు. “అన్నా, పరదా ముట్టకు! రాళ్లు పడ్తయ్” అని డ్రైవర్ అరిచాడు. శేఖర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్న చివరి మాటలు అవే.

ఇప్పుడు బల్ల మీద కొన్ని కాగితాలున్నాయి. నాలుగో పాఠం చదివిన ఆ దేశపు ఉపాధ్యాయుడొకరు తన అభిప్రాయం పంపాడు. “ప్రభుత్వానికి మూడు అంగాలని మీరు రాశారు. తప్పు లేదు. కానీ మా పిల్లలు ఇప్పటిదాకా చూసిన ప్రభుత్వం ఒక్కటే, దారికి అడ్డంగా గేటు వేసి నిలబడ్డ మనిషి. అతను వదిలితే బడికి వెళ్లారు, వదలకపోతే లేదు. పాఠం అతనితో మొదలుపెట్టండి.” శ్రీలత ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తిరిగి ఉన్నచోటే పెట్టింది.

మధుసూదన్ ఆ భవనం మంచిచెడ్డలు చూసే మేనేజరు. కర్నూలు జిల్లా నుంచి వచ్చి పదేళ్లయింది. ఆమె రాగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ తానే జరిపాడు. గ్లాసులో నీళ్లు పోసి ముందు పెట్టాడు.

“గడప దాటాల్సిన రోజులు కావమ్మా ఇవి. నాకు తెలియక కాదు. ఎస్సై రోజూ ఫోన్ చేస్తాండాడు. పైనుంచి మా వాళ్లు నన్ను తింటాండారు. నేనేం చెయ్యాల చెప్పు?”

“వాంగ్మూలం కాగితం చూపించండి సార్.”

టైపు చేసి ఉన్న కాగితం ఇచ్చాడు. ఆమె చదివింది. బడిలో పిల్లల జవాబులు చదివే అలవాటు కొద్దీ ఒక్కో మాట దగ్గర ఆగుతూ చదివింది. ‘ఆందోళనకారులు గేటు వద్ద గుమిగూడి అంబులెన్సును సుమారు అరగంట సేపు లోనికి రానీయకుండా అడ్డుకున్నందున, సకాలములో వైద్యము అందక నా భర్త మరణించినాడు.’ కింద ఆమె పేరు, పేరు పైన సంతకానికి జాగా.

ఆమె సంచిలోంచి ఒక చీటీ తీసింది. “ఇది 108 వాళ్లు ఇచ్చింది సార్. వాళ్లు మన గేటు దగ్గరికి చేరింది తొమ్మిదీ ఇరవైకి. మీ రిజిస్టర్‌లో బండి లోపలికొచ్చిన టైము ఎంతుంది?”

“తొమ్మిదీ యాభై.” దాచకుండా చెప్పాడు.

“అడ్డుకోవాలనుకున్నవాళ్లు గచ్చిబౌలి చౌరస్తాలోనే ఆపేవాళ్లు కదా. గేటు దాకా ఎందుకు రానిచ్చారు?”

మధుసూదన్ చీటీని తన వైపు తిప్పుకుని చూశాడు.

“పేపర్లో కెమెరా ఫొటో వేశారు. ఆరుగురూ గేటు వైపు తిరిగి ఉన్నారు. బండి వాళ్ల వెనక ఉంది. బండిని ఆపేవాళ్లు బండికి ఎదురు నిలబడతారు గానీ, గేటును ఎందుకు బాదుతారు సార్?”

“శ్రీలతమ్మా,” అన్నాడతను మెల్లగా. “నువ్వు టీచరువి. ఒక ప్రశ్నకు జవాబు దొరికితే దాని వెంబడే ఇంకోటి వస్తాది. ఆ రెండోది నీదాకా రాకూడదనే నేను ఈ కాగితం రాయించినా.”

“ఏమిటా ప్రశ్న?”

“తాళంచెవి ఎవరి దగ్గర ఉండిందని.”

శ్రీలత నీళ్ల గ్లాసు వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

“నా తప్పు కూడా ఉండాది, కాదనను. గేటు దగ్గర్నుంచి అంబులెన్సు వచ్చిందని కబురొస్తాదని నేను పైన కాచుకోని కూర్చున్నా. నొప్పి వచ్చింది నీ కొడుక్కే అని మీ మామకు చెప్పలేదు. చెబితే గేటు వదిలేసి లోపలికి పరిగెత్తుతాడని భయపడినా. తక్కింది కిందికి పోయి మీ మామనే అడుగు. అడిగినాక కూడా సంతకం పెట్టనంటావా, నేను బలవంతం చెయ్యను. కానీ అప్పుడు గేటు రిజిస్టర్ ఎస్సై చేతికి ఇచ్చేయాల్సిందే. ఏదో ఒకటి ఒంటిగంటకల్లా పోవాల.”

అప్పటికి పదకొండున్నర.

పోచయ్య గేటు పక్కన అద్దాల గూడులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. ఇండియా ఫౌజు హైదరాబాదుకు వచ్చిన యేడు పుట్టినవాడు. ఏజెన్సీ కాగితాల్లో మాత్రం యాభై అయిదేళ్లని రాయించుకున్నాడు. కొడుక్కి తానే కొరివి పెట్టాడు. గుండు చేయించుకున్న తల మీద టోపీ నిలబడక చెవుల దాకా జారుతోంది. కోడలిని చూడగానే లేచి కుర్చీ చూపించాడు.

“ఎందుకొచ్చినవు బిడ్డా? మీ అత్తకు జెప్పి వచ్చినవా?”

“చెప్పిన. నువ్వెందుకొచ్చినవు మామా?”

“ఇంటికాడ కూసుంటే ఒక్కొక్కడే వచ్చి దండం బెడుతున్నడు. అమరుని తండ్రి అంటున్నరు. లింగమూర్తి నాకు మీటింగుల కండువ కప్పుతడట. ఈడనే నయం. ఈడ నా మొకం ఎవ్వలు సూడరు, టోపీ సూసి పోతరు. తిన్నవా?”

“ఆ రోజు తాళంచెయ్యి ఎవరి దగ్గరుండె?”

బయట కారు హారన్ మోగింది. పోచయ్య వెళ్లి, సందులోంచి చూసి, నడుముకు కట్టుకున్న గుత్తి తీసి తాళం తెరిచాడు. కారు లోపలికి వచ్చింది. చెయ్యెత్తి సలాం కొట్టాడు. గేటు మూసి, తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని వచ్చాడు. ఆమె అడిగింది మరిచిపోయినవాడిలా కుర్చీ తుడిచాడు. ఆమె కూర్చోలేదు.

“సూసినవు గద బిడ్డా, ఎవరి దగ్గరున్నదో. ఆ దినం గూడ ఈడనే ఉండె.” నడుము మీద చెయ్యి వేసుకున్నాడు.

“మరి ఎందుకు తియ్యలే?”

“దానికి ముందుగాల సోమారం నాటి సంగతి జెప్పాలె. సోమారం ఒక గుంపొచ్చింది. ‘తాతా, లోపల ఆడిమనిషికి నొప్పులొస్తున్నయట, అంబులెన్స్ తెచ్చినం, జర తియ్యి’ అన్నరు. అయ్యో పాపమని తీసిన. యాభైమంది జొచ్చిన్రు. అంబులెన్స్ లేదు, ఏం లేదు. కింది అద్దాలన్ని పలగ్గొట్టిన్రు. లింగమూర్తి గూడ అండ్లనే ఉన్నడు. ‘తాతా, నువ్వు మనోనివే’ అని నా గదుమ వట్టుకొని నవ్విండు.”

లింగమూర్తి ఈ మాట తన దగ్గర ఎన్నడూ ఎత్తలేదని శ్రీలతకు గుర్తొచ్చింది.

“సారు నన్ను అందరి ముంగట నిలవెట్టిండు. ఇంకోపాలి తీస్తే ఇంటికే పోతవన్నడు. నేను ఫోన్ జేస్తెనే తియ్యాలె, దేవుడొచ్చి నిలవడ్డా తియ్యొద్దన్నడు. మల్ల శుక్రారం అదే మాట. ‘తాతా, అంబులెన్స్ వచ్చింది, లోపల మనిషి పోతున్నడు, తియ్యి.’ అవే గొంతులు. సందుల నుంచి సూస్తే అవే మొకాలు.”

టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నేను నవ్విన బిడ్డా.”

శ్రీలత తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

“నవ్విన. ‘ఒకపాలి మోసపోయిన, మల్లొకపాలి మోసపోత అనుకున్నర్రా’ అన్న. బండి మీద లైటు తిరుగుడు అవుపడ్డది. కూత గూడ ఇనవడ్డది. యాడనో ఉత్త బండి దొరకవట్టుకొచ్చిన్రు అనుకున్న. వాళ్లు గేటు బాదుతున్నరు. ‘దండం బెడ్త తాతా’ అని ఒకడు ఏడుస్తున్నడు. మంచిగ నటిస్తున్నడనుకున్న.”

“సార్‌కు ఒక్క ఫోన్ చెయ్యకపోతివా?”

“ఆయనే జేస్తనన్నడు గద. నేను జేస్తే, వాళ్లకు మల్ల లొంగినవా అని తిడుతడని భయమాయె.”

కింద ఈయన పైనుంచి ఫోను వస్తుందని చూశాడు. పైన ఆయన కిందినుంచి కబురు వస్తుందని చూశాడు. సైరన్ శ్రీలతకూ వినిపించింది. సెల్లార్‌లో శేఖర్‌కు నొప్పి వచ్చిందని ఆమెకు అప్పటికి ఎవరూ చెప్పలేదు. పరదాలు దించిన గదిలో, న్యాయవ్యవస్థ ఎందుకు స్వతంత్రంగా ఉండాలో రాస్తూ, ఏదో బండి రోడ్డున పోతోంది అనుకుంది. తల కూడా ఎత్తలేదు. ఆ సంగతి ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

“మరి ఎప్పుడు తీసినవు?”

“సెల్లార్ల పనిజేసే రామచంద్రం ఉరుక్కుంట వచ్చిండు. ‘పోచన్నా, నీ కొడుకే, మన శేఖరే’ అన్నడు. చేతులాడలే. తాళంచెయ్యి రెండుపాల్లు కింద వడ్డది.” అతని గొంతు అప్పటిదాకా సమంగానే ఉంది. ఇప్పుడు తగ్గింది. “నా కొడుకని తెలిస్తెనే తీసిన బిడ్డా. వేరేటోని కొడుకైతే ఇంక తియ్యకనే పోదు. అన్నం ముద్ద నోట్లె వెట్టుకుంటే గదే యాదికొస్తది.”

ఆ దేశపు ఉపాధ్యాయుడు రాసిన మనిషిని శ్రీలత తుపాకీతో ఊహించుకుంది. ఆ మనిషికి జారిపోయే టోపీ ఉంటుందని, తిన్నావా అని అడుగుతాడని, పైనుంచి ఫోను రాకపోతే చెయ్యి కదపలేడని అనుకోలేదు. కోపం వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. వచ్చి ఉంటే ఇంతకన్నా తేలికగా ఉండేది.

“అత్తకు తెలుసా?”

“తెల్వదు. ఆ దినం నా డ్యూటీ పైన ఉండెనని జెప్పిన. తెలిస్తే నా చేతి నీళ్లు ముట్టదు. ముట్టకున్నా సరే అనిపిస్తది ఒక్కోపారి. రోజు రాత్రి ‘ఆ గేటు కాడ ఎవడున్నడో, వాని ఇల్లు గూల’ అని తిడుతది. నేను పక్కల్నే పండుకోని వింట.”

శ్రీలత చేతిలోని కాగితం చూపించింది. దానిలో ఏముందో చదివి వినిపించింది. అతను తల వంచుకుని విన్నాడు.

“నేను సంతకం పెట్టాలెనా, వద్దా మామా?”

“నన్నడగకు.”

“నువ్వే చెప్పాలె.”

“పెట్టుమని ఏ నోటితోని జెప్పాలె? ఆ పిలగాండ్లు గేటు బాదింది నా కొడుకు కోసమే గద. ఆరుగురు తల్లుల ఉసురు మనకొద్దు. పెట్టకుమంటే...” గేటు వైపు చూశాడు. “పెట్టకుమంటే నేను యాడికి పోవాలె బిడ్డా? ఊర్లె ఇల్లు కూలిపాయె. బోరబండల కాలు వెట్టనియ్యరు. కన్నకొడుకును లోపలేసి తాళమేసినోడని ఈ పట్నంల చిన్నపోరగాడు గూడ ఏలు సూపుతడు.”

ఆమె కాగితాన్ని మడిచింది. మళ్లీ విప్పింది. వెనకవైపు ఖాళీగా ఉంది. అద్దాల గూడులో దారంతో కట్టి ఉన్న రిజిస్టర్ పెన్ను లాక్కుని, గోడకు ఆనించి రాయడం మొదలుపెట్టింది. పోచయ్యకు అంకెలు తప్ప చదవడం రాదు. అయినా ఆమె చెయ్యి కదులుతున్న తీరును చూస్తూ నిలబడ్డాడు.

‘ఆ రోజు నా భర్త, మా మామ, నేను ముగ్గురం గేటు లోపలే ఉన్నాం. అంబులెన్సు తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. రిమాండులో ఉన్న ఆరుగురు దాన్ని ఆపలేదు, దానికోసం గేటు తెరవమని అడిగారు.’

అంతవరకు ఆగకుండా రాసింది. అక్కడ పెన్ను ఆగింది.

అప్పుడే గచ్చిబౌలి వైపు నుంచి డప్పుల చప్పుడు వినిపించింది. దగ్గరికొస్తోంది. మైకులో లింగమూర్తి గొంతు. “అమరుడు శేఖరన్నకూ” అని అతనంటే, “జోహార్” అని గుంపు అంటోంది. పోచయ్య గబగబా టోపీ పెట్టుకున్నాడు. సందు దగ్గరికి వెళ్లి కన్ను ఆనించాడు. వెంటనే వెనక్కి జరిగాడు.

“మీ అత్త,” అన్నాడు. “అందరికంటె ముంగట మీ అత్తే ఉన్నది. వాని ఫొటో వట్టుకున్నది.”

గూడులో ఫోను మోగింది. పోచయ్య తీయలేదు. మోగుతూనే ఉంటే శ్రీలత ఎత్తింది. అవతల మధుసూదన్ కంగారుగా, “పోచయ్యా, ఎవరొచ్చినా గేటు తియ్యొద్దు, వింటాండావా? నేను చెప్పేదాకా తియ్యొద్దు” అన్నాడు. ఆమె జవాబు చెప్పకుండా పెట్టేసింది.

రేకు మీద అరచేతి దెబ్బ పడింది. ఒకటే చెయ్యి. డప్పులు ఆగాయి.

“ఏమయ్యో!” అత్త చంద్రమ్మ గొంతు. “లోపల నువ్వే ఉన్నవట గద. తియ్యి. ఆ దినం ఈ గేటు కాడ ఉన్నోడెవడో నాకు సూపెట్టు. వానికి ఒక్క మాట జెప్పి పోత.”

పోచయ్య చెయ్యి నడుము దగ్గరికి వెళ్లి అక్కడే నిలిచిపోయింది. కోడలి వైపు తిరిగాడు. ఆమె చేతిలో కాగితం ఉంది, దాని మీద మూడు వాక్యాలున్నాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండిందో చెప్పే నాలుగో వాక్యం ఆమె ఇంకా రాయలేదు.